తెరమీద ఒక్క షాటు... రోడ్డుమీద వెయ్యి కిలోమీటర్లు!

హీరో వస్తాడు. ముందు చక్రం కనిపిస్తుంది, తర్వాత బూటు, ఆ తర్వాత గ్లవ్సు తొడిగిన చెయ్యి. యాక్సిలేటరు ఒక్క తిప్పు! దుమ్ము లేస్తుంది, రీరికార్డింగు అదిరిపోతుంది, ముందు వరస నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు! ఆ బండి హీరో నిన్ననే కొన్నాడా, ఏడాదిగా నడుపుతున్నాడా అని హాల్లో ఎవరూ అడగరు. సినిమా హీరోకి బండి అలవాటు కావడమంటూ ఉండదు. ఎక్కగానే వచ్చేస్తుంది, అంతే!

మరి మనకో?

ఒకప్పుడు పోస్టర్లో చూసి ముచ్చటపడే స్పోర్ట్స్ బైకు ఇప్పుడు నెలవారీ వాయిదాల్లో ఇంటికొచ్చేస్తోంది. డిగ్రీ అయ్యి ఉద్యోగంలో చేరిన కుర్రాడు మొదటి ఏడాదిలోనే షోరూము మెట్లెక్కుతున్నాడు. కొనడం తేలికైంది. అలవాటు చేసుకోవడం మాత్రం తేలిక కాలేదు. ఎలా అలవాటు చేసుకోవాలో చెప్పే సినిమా కూడా ఇంతవరకూ రాలేదు! అందుకే ఈ నాలుగు మాటలూ.

ఆ షాటు వెనక ఎంతమంది!

మన పేజీలు చదివే మీకు షూటింగు సంగతులు కొత్త కాదు. బైకు ఛేజింగు తీసేటప్పుడు రోడ్డు రెండువైపులా మూసేస్తారు. ఎదురుగా దూసుకొచ్చే లారీ కూడా యూనిట్ మాట్లాడి తెచ్చిన లారీయే. ఫైట్ మాస్టరు ముందుగానే వచ్చి రోడ్డు చూసుకుంటాడు. బండి గాల్లోకి లేచేచోట దాన్ని మోసేవి క్రేనుకు కట్టిన తీగలు. ఆ తీగల్ని తర్వాత కంప్యూటర్లో చెరిపేస్తారు. దూరపు షాటులో నడిపేది చాలాసార్లు డూపు. దగ్గర షాటులో హీరో కూర్చున్న బండి ఏ ట్రాలీ మీదో ఉంటుంది.

ఇంత ఏర్పాటు ఉన్నా పడేవాళ్ళు పడుతూనే ఉంటారు. 2022లో విడుదలైన 'వలిమై' షూటింగులో, బండి ముందు చక్రం పైకి లేపి నడిపే షాటులో అజిత్ కిందపడ్డారు. యూనిట్ వారే ఆ దృశ్యాన్ని మేకింగ్ వీడియోలో పెట్టి అందరికీ చూపించారు. అజిత్ ఏమైనా కొత్తవారా? రేసు ట్రాకుల మీద పోటీలు చేసిన మనిషి! ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ బండెక్కారు. ఎక్కగలిగారంటే ఒంటిమీద తగిన దుస్తులున్నాయి, ఎదురుగా వేరే బండి లేదు, చుట్టూ మనుషులున్నారు. మన కాలనీ రోడ్డు మీద ఆ మూడింట్లో ఎన్ని ఉంటాయో మీరే లెక్క వేసుకోండి.

'బాబీ' బండి నుంచి 'ఆర్.ఎక్స్.' దాకా

మన దేశంలో బండి మోజు, సినిమా మోజు మొదట్నుంచీ జోడుగుర్రాలే. 1973లో రాజ్ కపూర్ 'బాబీ' వచ్చింది. అందులో రిషి కపూర్, డింపుల్ జంట ఎక్కిన బుల్లి మోటారు సైకిలు రాజ్‌దూత్ జి.టి.ఎస్. 175. కంపెనీ పెట్టిన పేరు మరుగున పడిపోయి, జనం నోట అది 'బాబీ బండి' అయిపోయింది. ముద్దొచ్చే బండే తప్ప భయపెట్టే బండి కాదు.

భయపెట్టే బండి 1983లో దిగింది. పేరు రాజ్‌దూత్ 350. జపాను యమహా వారి ఆర్.డి. 350ని ఎస్కార్ట్స్ వారు ఇక్కడ తయారు చేశారు. 347 సి.సి., రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, ముప్ఫై హార్స్ పవర్! ఆనాటి బుల్లెట్ 350 శక్తి పద్దెనిమిది హార్స్ పవర్ చిల్లర అయితే, దీనిది ముప్ఫై. పైగా టూ స్ట్రోక్. మొదట్లో సాధువులా నడుస్తుంది. ఇంజను వేగం ఒక హద్దు దాటిందో, వెనకనుంచి ఎవరో తోసినట్టు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అలవాటు లేనివాడి గుండె అక్కడే జారిపోయేది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. జపాను బండికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉండేది. మన దేశంలో అమ్మిన బండికి ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. పరుగు జపానుది, ఆగడం మాత్రం మనది! ఈ రోజుకీ ఆ బండి దాచుకున్న పెద్దవాళ్ళని కదిపితే, దాని వేగం గురించి ఎంత మురిపెంగా చెబుతారో ఆపడం గురించి అంత జాగ్రత్తగా చెబుతారు.

1985లో యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చింది. 98 సి.సి., పదకొండు హార్స్ పవర్, బరువు చూస్తే వంద కిలోల చిల్లర. బక్కపల్చని బండికి బలమైన ఇంజను. తయారీ 1996లో ఆగిపోయినా మోజు ఆగలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత, 2018లో, అజయ్ భూపతి తన మొదటి సినిమాకు పెట్టుకున్న పేరు 'ఆర్.ఎక్స్. 100'! ఇక 2004లో వచ్చిన హిందీ 'ధూమ్' చూశాక, సైకిలు తొక్కే పిల్లలకు కూడా హయబుసా పేరు నోటికొచ్చేసింది.

ఎనిమిది గుర్రాల మీంచి ముప్ఫై నాలుగు గుర్రాల మీదికి

మనలో చాలామంది బండి నేర్చుకునేది నాన్నగారి స్ప్లెండర్ మీదో, అలాంటి ఇంకో బండి మీదో. 97 సి.సి., ఎనిమిది హార్స్ పవర్. తప్పు చేసినా క్షమించే బండి. యాక్సిలేటరు కాస్త ఎక్కువ తిప్పితే కాస్త గట్టిగా అరుస్తుంది, అంతే.

ఇప్పుడు మన పక్కనే హోసూరులో తయారయ్యే టి.వి.ఎస్. అపాచీ ఆర్.ఆర్. 310 సంగతి చూడండి. 2017 డిసెంబరులో విడుదలైనప్పుడు 312 సి.సి., 34 హార్స్ పవర్, బరువు 170 కిలోలు. 2024లో శక్తిని 38కి పెంచారు. బరువు స్ప్లెండర్‌కు ఒకటిన్నర రెట్లు. శక్తి నాలుగు రెట్లకు పైనే! నిలబడ్డ చోటినుంచి 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మూడు సెకన్లు కూడా పట్టదని కంపెనీ లెక్క. ఈ లెక్కన ఇరవై అయిదు మీటర్లు పోయేసరికి మీరు అరవైలో ఉంటారు. మీ ఇంటి గేటుకూ వీధి మలుపుకూ మధ్య దూరం అంతకన్నా ఎక్కువుందా?

ప్రపంచంలోని పెద్ద బండ్ల లెక్కలో ఇది చిన్నదే. కానీ చెయ్యి పాత లెక్కల్లోనే ఉంటుంది. ఎనిమిది గుర్రాలకు అలవాటైన మణికట్టు ముప్ఫై నాలుగు గుర్రాల కళ్ళెం పట్టుకుంటుంది. చిక్కంతా అక్కడే.

మా వీధి కుర్రాడి వారం రోజులు

మా వీధిలో ఒకబ్బాయి ఈ తరగతి స్పోర్ట్స్ బైకే కొన్నాడు. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, ఫొటో దిగి... ముచ్చట్లన్నీ అయ్యాయి. నాలుగో రోజున మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏరా, బండి ఎలా ఉంది?" అన్నాను.

"బండి సూపరన్నా. మణికట్లే పోయాయి!" అన్నాడు.

ఇది ప్రతి కొత్తవాడి మొదటి ఫిర్యాదు. స్పోర్ట్స్ బైకు హ్యాండిలు కిందికి ఉంటుంది, కాళ్ళు పెట్టుకునే చోటు వెనక్కి ఉంటుంది. మనిషి ముందుకు వంగి పడుకున్నట్టు కూర్చోవాలి. కొత్తవాడు ఒంటి బరువంతా చేతులమీద మోపేస్తాడు. సాయంత్రానికి మణికట్లు, మెడ, నడుం మూడూ రాజీనామా! కిటుకు మోకాళ్ళలో ఉంది. రెండు మోకాళ్ళతో పెట్రోలు ట్యాంకును గట్టిగా పట్టుకోవాలి, నడుము తన బరువు తానే మోసుకోవాలి, మోచేతులు వదులుగా ఉండాలి. చేతులు హ్యాండిలు మీద ఆని ఉండాలే గానీ వేలాడకూడదు.

ఇది ఒళ్ళునొప్పుల సంగతే అనుకునేరు! బిగుసుకున్న చెయ్యి యాక్సిలేటరును తనకు తెలియకుండానే తిప్పుతుంది. గుంటలో చక్రం పడిందనుకోండి, ఒళ్ళు ముందుకు ఊగుతుంది, ఒంటితో పాటు మణికట్టు తిరుగుతుంది, బండి దూకుతుంది. దూకిందన్న కంగారులో చెయ్యి మరింత బిగుస్తుంది. మన కుర్రాడికి ఒకరోజు పెట్రోలు బంకులోంచి బయటకొస్తుంటే అచ్చం ఇదే జరిగింది. అదృష్టం, ఎదురుగా ఎవరూ లేరు. మర్నాటినుంచి వాడు రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్చు మీద ఉంచడం అలవాటు చేసుకున్నాడు. క్లచ్చు నొక్కితే చాలు, ఇంజను ఎంత అరిచినా చక్రానికి బలం అందదు.

రెండో ఫిర్యాదు యూ టర్ను. ఈ బండ్ల హ్యాండిలు పాత బండ్లలా పూర్తిగా తిరగదు. అరరోడ్డులో తిరిగే చోట రోడ్డంతా కావాలి. మూడోది అద్దాలు. వాటిలో వెనక వచ్చే బస్సుకన్నా మన మోచేతులే బాగా కనిపిస్తాయి! అద్దం చూసి ఊరుకోకుండా తల తిప్పి చూడటం నేర్చుకోవాలి. నాలుగోది వేడి. ఎండాకాలం సిగ్నలు దగ్గర ఫ్యాను తిరగడం మొదలైతే కాళ్ళు కుంపటి మీద పెట్టినట్టే. ఇవన్నీ వారం పదిరోజుల్లో సర్దుకునేవే.

అయిదో ఇబ్బంది మాత్రం బండిలో లేదు. "ఒక్క రౌండు ఇవ్వరా!" అనే స్నేహితులు! లేదనడానికి నోరు రాదు. ఇస్తే, నిన్నటిదాకా స్కూటరు నడిపినవాడు నేరుగా ముప్ఫై నాలుగు గుర్రాల మీద కూర్చుంటాడు. మన కుర్రాడు రెండు రోజులు మొహమాటపడి, మూడోరోజు తాళంచెవి వాళ్ళమ్మ చేతికిచ్చేశాడు. "అమ్మనడిగి తీసుకోరా" అంటే అడిగే మొనగాడు ఎవడు? బండి అలవాటు చేసుకోవడంలో ఇదీ ఒక పాఠమే.

ఆగడం ఎలా?

పరుగెత్తించడం ఎవరికైనా వస్తుంది. ఆపడమే విద్య. లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పదిహేడు మీటర్లు. ఎదురుగా గేదె కనిపించి, మెదడుకు తెలిసి, చెయ్యి బ్రేకు అందుకునే సరికి ఒక సెకను పోతుంది. అంటే బ్రేకు పడకముందే ఒకటిన్నర సిటీ బస్సు పొడవు దాటేశారన్న మాట! అదే 120లో అయితే ఆ సెకనులోనే దాదాపు మూడు బస్సులు. ఆ తర్వాత బ్రేకు వేశాక పోయే దూరం ఇంకా ఘోరం. వేగం రెండింతలైతే ఆ దూరం నాలుగింతలవుతుంది. కంపెనీ ఏదైనా, బండి ఖరీదు ఎంతైనా ఈ లెక్క మారదు.

చిన్నప్పుడు సైకిలు మీద "ముందు బ్రేకు వెయ్యకురా, పల్టీ కొడతావు" అని పెద్దలు చెప్పిన మాట మన చేతుల్లో ఉండిపోయింది. స్పోర్ట్స్ బైకుకు ఎక్కువ ఆపుదల ముందు బ్రేకులోనే ఉంది. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. కాకపోతే ఠక్కున లాగకూడదు. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించాలి. ఖాళీ మైదానంలో, ముప్ఫై వేగంలో ఇరవైసార్లు, నలభైలో ఇరవైసార్లు ఆపి చూడాలి. చెయ్యి నేర్చుకునేది అలాగే.

125 సి.సి. పైబడిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఎ.బి.ఎస్. తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు అది. మంచిదే. కానీ మలుపులో ఇసుక ఉంటే ఇసుకను తుడిచిపెట్టదు. వేగం ముందే తగ్గించుకోవడం మన పనే.

మలుపు మాటొచ్చింది గనక ఇంకొకటి. చూపు ఎటో బండి అటు! గుంటను చూస్తూ పోతే గుంటలోకే పోతుంది. మలుపు చివర ఎక్కడికి చేరాలో అక్కడ చూడాలి. వేగం మలుపుకు ముందే తగ్గాలి, బండి వంగి ఉన్నంతసేపూ చెయ్యి నిలకడగా ఉండాలి, బండి నిటారుగా లేచాకే యాక్సిలేటరు తిప్పాలి. హీరో చేసేది దీనికి సరిగ్గా ఉల్టా. ఆయనకు ఎడిటరున్నాడు!

బండికే కాదు, మనిషికీ రన్నింగ్-ఇన్!

కొత్త ఇంజనును మొదటి వెయ్యి కిలోమీటర్లూ మెత్తగా నడపమని చెబుతారు. లోపలి భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకునే కాలం అది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎంత దూరం దాకా ఎంత వేగమో రాసి ఉంటుంది. కొత్త కాపురంలో సర్దుబాట్ల లాంటిదే అనుకోండి!

మన కుర్రకారు దీన్ని ఇంజను కోసం పెట్టిన నియమమే అనుకుంటారు. ఆ వెయ్యి కిలోమీటర్లూ మనిషికి కూడా కావాలి. మొదటి వంద కిలోమీటర్లు టైర్ల కోసం. కొత్త టైరు పైపొర నున్నగా, జారుడుగా ఉంటుంది. అది అరిగేదాకా బండిని వంచే సరదాలు వద్దు. తర్వాతి రెండు మూడు వందలూ తెల్లవారుజామున, ఖాళీ రోడ్ల మీద... గేర్లూ క్లచ్చూ చూడకుండా చేతికి అందేదాకా. ఆ తర్వాత బ్రేకుల సాధన. ఆ తర్వాతే ట్రాఫిక్కు, వాన, రాత్రి. వెనక సీటు మీద మనిషిని ఎక్కించుకోవడం అన్నిటికన్నా చివర! వెనక అరవై కిలోలు ఎక్కేసరికి ఆపే దూరం పెరుగుతుంది, ముందు చక్రం తేలికవుతుంది, ఇంతవరకూ నేర్చుకున్నదంతా మళ్ళీ ఒకసారి నేర్చుకోవాలి.

కొన్ని కొత్త బండ్లలో రైడింగ్ మోడ్‌లని ఉన్నాయి. 2020 అపాచీ ఆర్.ఆర్. 310లో 'రెయిన్' మోడ్ పెడితే 34 హార్స్ పవర్ కాస్తా 26 దగ్గర ఆగిపోతుంది. నా సలహా అడిగితే మొదటి నెలంతా వాన పడకపోయినా రెయిన్ మోడ్‌లోనే నడపండి. ఎవరూ నవ్వరు. నవ్వినా ఫరవాలేదు!

మన సినిమా లోకం చూసిన చీకటి రోజులు

ఇది సరదాగా చెప్పి వదిలేసే సంగతి కాదు. 2010 జూన్‌లో దివంగత కోట శ్రీనివాసరావు గారి కుమారుడు, నటుడు కోట ప్రసాద్ హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద స్పోర్ట్స్ బైకు ప్రమాదంలో చనిపోయాడు. తెరమీద ఎందరినో నవ్వించిన, భయపెట్టిన ఆ మహానటుడు కొడుకును మోసుకెళ్ళాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో, అదే ఔటర్ రింగు రోడ్డు మీద, క్రికెట్ మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ కుమారుడు 1000 సి.సి. బండి మీద వెళుతూ ప్రమాదానికి గురై ప్రాణం కోల్పోయాడు. పందొమ్మిదేళ్ళ పిల్లవాడు. వాళ్ళకు డబ్బు లేకనా, మంచి బండి లేకనా?

2021 సెప్టెంబరు 10న దుర్గం చెరువు తీగల వంతెన దాటాక సాయిధరమ్ తేజ్ బండి జారింది. ఆయన స్పృహ కోల్పోయి వారాల తరబడి ఆస్పత్రిలోనే ఉన్నారు. ఆ మధ్యలోనే ఆయన 'రిపబ్లిక్' విడుదలైపోయింది. హీరో లేకుండానే హీరో సినిమా! కోలుకుని, మాటనూ నడకనూ సరిచేసుకుని, 2023లో 'విరూపాక్ష'తో మళ్ళీ వచ్చారు. ఆ రోజు తలకు హెల్మెట్టు ఉండబట్టే బతికానని ఆయనే సభల్లో అభిమానులకు చెప్పారు. అభిమాన హీరో హెయిర్ స్టయిలును అనుకరిస్తాం కదా, ఈ ఒక్క మాటనూ అనుకరిస్తే ఆయనకు అంతకన్నా కానుక ఏముంటుంది? ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్టు, గడ్డం కింద బకిలు బిగించి! మోచేతికి తగిలించుకున్న హెల్మెట్టు మోచేతిని తప్ప దేన్నీ కాపాడదు.

"అయితే వేగంగా ఎప్పుడూ పోకూడదా?" అంటారా? పోవచ్చు. దానికి చోటు వేరే ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు ఉంది, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఎదురు వాహనం ఉండదు, గేదె ఉండదు, నేర్పే గురువులుంటారు. ఒక్కరోజు అక్కడ నేర్చుకుంటే, తెలిసినదానికన్నా తెలియనిదే ఎక్కువని బోధపడుతుంది.

మా వీధి కుర్రాడు మూడు నెలల తర్వాత ఒక ఆదివారం తెల్లవారుజామున నాగార్జునసాగర్ వెళ్ళొచ్చాడు. "ఎంత స్పీడు పోయావురా?" అని అడిగాను. "మీటరు చూళ్ళేదన్నా, రోడ్డు చూశా" అన్నాడు. బండి అలవాటైందనడానికి అంతకన్నా గుర్తు ఇంకేం కావాలి?

కనుక కొత్త బండి కొన్న తమ్ముళ్ళూ, కొనబోతున్న చెల్లెళ్ళూ! హాల్లో ఈలలు వెయ్యండి, కాగితాలు ఎగరెయ్యండి, హీరో బండిని గాల్లోకి లేపితే సీట్లోంచి మీరూ లేవండి. సినిమా ఉన్నది అందుకే. ఆట వదిలాక స్టాండులో మీ బండి దగ్గరికి వచ్చి తాళం పెట్టేముందు మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఇక్కడ డూపు లేడు, తీగల్లేవు, రెండో టేకు అంతకన్నా లేదు. ఇంటిదగ్గర అన్నం పెట్టుకుని ఎదురుచూసే అమ్మ ఉంది. మెల్లగా క్లచ్చు వదలండి... వెయ్యి కిలోమీటర్లు ఎంతలో గడుస్తాయి!